తెనాలి స్టూడియో కంప్యూటరు: ర్యాన్సమ్‌వేర్ తొలగింపు, ఫైళ్ల పునరుద్ధరణ – ప్రాజెక్టు డైరీ

చేపట్టిన పని

తెనాలిలో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే ఒక స్టూడియోలోని ఎడిటింగ్ కంప్యూటరు, ఫైళ్లకు తాళం వేసి తెరవడానికి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ బారిన పడింది. దానిని శుభ్రం చేయడం, వీలైనంత మేరకు ఫైళ్లను వెనక్కు రాబట్టడం నాకు అప్పగించిన పని. వైరస్‌ను తీసివేస్తే ఫైళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయని యజమాని అనుకున్నారు. ఈ రంగంలో కొత్తగా దిగిన కుర్రవాళ్లు కూడా చాలామంది అలాగే అనుకుంటారు. తాళం వేసినవాడు ఊరు విడిచి పోయినంత మాత్రాన తాళం ఊడిరాదు. తొలగించడం ఒక పూటలో తెమిలే పని. ఫైళ్లు తిరిగి వస్తాయా లేదా అన్నది మాత్రం ఆ ర్యాన్సమ్‌వేర్ ఏ కుటుంబానికి చెందినది, ఫైలులో ఎంత భాగాన్ని ఎన్‌క్రిప్ట్ చేసింది (అంటే కీ లేనిదే చదవలేని సంకేతంగా మార్చింది), ఏ కీ వాడింది అన్న మూడు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ క్రమం తోటి సాంకేతిక నిపుణులకు ఉపయోగపడవచ్చునని ఈ డైరీ రాస్తున్నాను.

సోమవారం

కంప్యూటరు చేతికి వచ్చింది. నేను ఫోనులోనే చెప్పినందున ఎవరూ దానిని మళ్లీ ఆన్ చేయలేదు, యాంటీవైరస్ స్కాన్ నడపలేదు, బెదిరింపు చీటీలను చెరిపివేయలేదు. ఈ మూడింటిలో ఏది చేసినా తరువాతి పని కష్టమవుతుంది.

డిస్కులోని విండోస్‌ను లేపకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు లైవ్‌తో బూట్ చేసి, డిస్కును చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేసి చూశాను. ప్రతి ఫైలు పేరు చివర అదనంగా ఒక నాలుగక్షరాల ఎక్స్‌టెన్షన్ చేరి ఉంది. ప్రతి ఫోల్డరులోనూ రీడ్‌మి పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు ఉంది. 999 డాలర్లు కట్టాలని, 72 గంటలలోపు సంప్రదిస్తే సగం తగ్గించి 499 డాలర్లకే ఇస్తామని, నమ్మకం కోసం ఒక ఫైలును ఉచితంగా తెరిచి చూపిస్తామని అందులో రాసి ఉంది. సి డ్రైవులో సిస్టమ్‌ఐడి అనే ఫోల్డరు, దాని లోపల పర్సనల్‌ఐడి అనే ఫైలు కనిపించాయి. ఇంతమాత్రం చూస్తే చాలు, ఇది స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే కుటుంబమని తెలిసిపోతుంది. అయినా ఊహ మీద ముందుకు పోకూడదు కనుక చీటీని, ఒక చిన్న ఫైలును, ర్యాన్సమ్‌వేర్ రకాన్ని గుర్తించి చెప్పే ఐడీ ర్యాన్సమ్‌వేర్ అనే వెబ్ సేవకు పంపి ధ్రువపరచుకున్నాను.

పెద్ద సంస్థల మీద గురిపెట్టే ముఠాలు వేరు, ఈ కుటుంబం వేరు. 2018 నుంచి ఇది మామూలు ఇళ్ల మీద, చిన్న దుకాణాల మీద పడి బతుకుతోంది. మొదటి రకాలలో 980 డాలర్లు అడిగేవారు, తరువాత 999 చేశారు.

"డబ్బు కట్టేస్తే కీ ఇస్తారంటారా అండీ?" అని యజమాని అడిగారు. ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా ఎనభై వేలకు పైమాటే అవుతుంది, పైగా ఏయే ఫైళ్లు మరో దారిన తిరిగి వస్తాయో తేలకముందే డబ్బు మాట ఎత్తడం తొందరపాటు అవుతుందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు గాని, గడియారం వైపు చూడడం మానలేదు. ఆ 72 గంటల గడువు పెట్టినదే అందుకు.

సోమవారం రాత్రి

జీఎన్‌యూ డీడీరెస్క్యూ సాయంతో 2 టెరాబైట్ల డిస్కు మొత్తానికి సెక్టారు సెక్టారుగా ప్రతిరూపం తీయడం మొదలుపెట్టాను. స్టూడియోవారి ఎక్స్‌టర్నల్ డ్రైవు కూడా ఎన్‌క్రిప్ట్ అయింది కనుక దానికి మరొకటి. ఇకమీద ఏ ప్రయోగం చేసినా ఈ ప్రతిరూపాల నకళ్ల మీదే చేయాలి. అసలు డిస్కులకు చీటీలు అంటించి బీరువాలో పెట్టేశాను. ఈ మెట్టును దాటవేసి నేరుగా అసలు డిస్కు మీద రకరకాల రికవరీ సాఫ్ట్‌వేర్లు నడిపితే అసలుకే ఎసరు వస్తుంది.

మంగళవారం

ఇది లోపలికి ఎలా వచ్చిందో తేల్చుకోవడం ఈ రోజు పని. బ్రౌజరు చరిత్ర, డౌన్‌లోడ్స్ ఫోల్డరు, విండోస్ తన సౌకర్యం కోసం ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడిచిందో గుర్తుపెట్టుకునే ప్రిఫెచ్ ఫైళ్లు, విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ లాగులు పక్కపక్కన పెట్టి చూస్తే కథ వరుసగా బయటపడింది. ఆల్బమ్ డిజైనింగ్‌కు వాడే ఒక ప్లగిన్‌ను డబ్బు కట్టకుండా వాడుకోవడానికి స్టూడియోలో పనిచేసే కుర్రవాడు క్రాక్ వెతికాడు. దొరికింది పాస్‌వర్డ్ పెట్టిన ఒక ఆర్కైవ్. పాస్‌వర్డు పెట్టేది మర్యాదకు కాదు. దాని వల్ల డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు యాంటీవైరస్ లోపలికి తొంగిచూడలేదు. లోపలి సెటప్ ఫైలును సున్నాలతో నింపి 700 మెగాబైట్లకు పైగా ఉబ్బించారు. వైరస్‌టోటల్ వంటి సేవలు 650 మెగాబైట్లకు మించిన ఫైళ్లను తీసుకోవు కాబట్టి అనుమానం వచ్చినా అక్కడ పరీక్షించుకునే వీలు లేకుండా చేశారన్నమాట. యాంటీవైరస్‌ను కాసేపు ఆపితేనే క్రాక్ పనిచేస్తుందని పక్కనే ఒక సూచన కూడా పెట్టారు. కుర్రవాడు ఆపాడు. డిఫెండర్ లాగులో ఆ నిమిషం నమోదై ఉంది.

సెటప్ నడిచిన వెంటనే ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ కాలేదు. ముందుగా ఒక లోడర్ వచ్చి, అది మిగతా సరుకును దించింది. స్మోక్‌లోడర్, ప్రైవేట్‌లోడర్ వంటివి ఈ కుటుంబాన్ని మోసుకొచ్చే వాహనాలుగా పేరుపడ్డాయి. వాటితో పాటు బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులను, లాగిన్ కుకీలను దొంగిలించే విడార్, రెడ్‌లైన్ తరహా ప్రోగ్రాములు కూడా దిగడం మామూలే. ఈ యంత్రంలోనూ అలాంటి ఒకదాని జాడలు కనిపించాయి. బాధితులు ఎక్కువగా గమనించనిది ఇదే. ఫైళ్లు పోయాయన్న దిగులులో ఉండగా అటు ఈమెయిలు, బ్యాంకు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు చేజారిపోతాయి. అందుకే పని అక్కడితో ఆపి, యజమానికి ఫోను చేసి, ఆయన ఫోనులోంచే అన్ని పాస్‌వర్డులూ మార్పించాను. అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయించి, రెండంచెల ధ్రువీకరణ పెట్టించాను. పాస్‌వర్డు మార్చి పాత సెషన్లను అలాగే వదిలితే, దొంగిలించిన కుకీతో లోపలికి రావడానికి కొన్నిచోట్ల ఇంకా దారి ఉంటుంది.

తరువాత ర్యాన్సమ్‌వేర్ అసలు ప్రోగ్రాము రంగంలోకి దిగింది. అది ముందుగా బాధితుడి ఇంటర్నెట్ చిరునామా ఏ దేశానిదో అడిగి తెలుసుకుంటుంది. రష్యా, బెలారస్, ఉక్రెయిన్, కజకిస్తాన్ వంటి దేశాలదని తేలితే పని మానుకుంటుంది. మన దేశానికి ఆ మినహాయింపు లేదు. తన సర్వరు నుంచి ఈ బాధితుడికి మాత్రమే చెందే కీ తెచ్చుకుని ఫైళ్ల మీద పడుతుంది. ఆ సమయంలో విండోస్ అప్‌డేట్ జరుగుతున్నట్టు ఒక నకిలీ కిటికీ కనిపించిందని, అందుకే డిస్కు గరగరలాడుతున్నా ఎవరూ పట్టించుకోలేదని స్టూడియోవారు చెప్పారు. విండోస్ ఫోల్డరు జోలికి ఇది పోదు. యంత్రం బూట్ అయితేనే కదా బెదిరింపు చీటీ చదివేది.

స్టూడియోలోని మిగతా రెండు కంప్యూటర్లనూ పరిశీలించాను. అవి బాగానే ఉన్నాయి. 2017 మే 12న బయటపడిన వానాక్రై వలె ఇది తనంతట తాను పక్క యంత్రానికి పాకే రకం కాదు. వానాక్రైకి ఎవరూ ఏదీ క్లిక్ చేయనక్కరలేకపోయింది. విండోస్ పాత ఫైల్ షేరింగ్ పద్ధతిలోని లోపాన్ని పట్టుకుని, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో ఇచ్చిన మరమ్మతును వేసుకోని యంత్రాలన్నింటిలోకి దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అప్పుడు దాని బారిన పడ్డాయి. ఇంటర్నెట్టుకు తెరిచిపెట్టిన రిమోట్ డెస్క్‌టాప్‌కు బలహీనమైన పాస్‌వర్డు ఉంటే ఆ దారిన మనుషులే లోపలికి వచ్చి నడిపే రకాలు ఇంకొన్ని. డీజేవీయూకు మాత్రం మన చేయి తోడు కావాలి. అయితే షేర్ చేసిన ఫోల్డరు కంటపడితే దానినీ వదలదు.

బుధవారం

తొలగింపు. దీనిని ప్రతిరూపం నకలు మీద, నెట్‌వర్కు తీసివేసిన పరీక్ష యంత్రంలో చేశాను. విండోస్‌తో పాటు వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాములను చూపే ఆటోరన్స్ తెరవగానే రెండు పట్టుకొమ్మలు కనిపించాయి. ఒకటి విండోస్ సెట్టింగుల భాండాగారమైన రిజిస్ట్రీలో, రన్ కీ అనే చోట (ఇది ఎన్‌క్రిప్షన్ కీ కాదు) సిస్‌హెల్పర్ అనే పేరు. రెండవది టాస్క్ షెడ్యూలర్‌లో టైమ్ ట్రిగ్గర్ టాస్క్. ఇది ఐదేసి నిమిషాలకు ఒకసారి ఆ ప్రోగ్రామును మళ్లీ లేపుతుంది. కొత్తగా పెన్‌డ్రైవు పెట్టినా అందులోని ఫైళ్లు కాసేపటికి ఎన్‌క్రిప్ట్ కావడానికి కారణం ఇదే.

రెండూ వేలు చూపిస్తున్నది లోకల్ యాప్‌డేటాలోని ఒకే ఫోల్డరు వైపు. దాని పేరు అంకెలు, అక్షరాల పొడుగాటి వరుస. మామూలుగా డిలీట్ చేయబోతే అనుమతి లేదంది. తొలగించే హక్కును అందరికీ నిరాకరిస్తూ ఫోల్డరు అనుమతులను ర్యాన్సమ్‌వేరే మార్చి ఉంచింది. సేఫ్ మోడ్‌లో యాజమాన్యం తీసుకుని, అనుమతులను మామూలు స్థితికి తెచ్చాక అది చెరిగింది. ఆ తరువాత, ఏ వెబ్‌సైటు పేరుకు ఏ చిరునామాకు పోవాలో విండోస్‌కు చెప్పే హోస్ట్స్ ఫైలు. అందులో కంప్యూటర్ భద్రతకు సంబంధించిన వెబ్‌సైట్ల పేర్లు వరుసగా చేర్చి, ఆ సైట్లేవీ ఈ యంత్రంలో తెరుచుకోకుండా చేశారు. సాయం కోసం వెతికేవాడికి సాయం దొరకకుండా చేయడమన్నమాట. ఆ పంక్తులు తీసివేసి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడిపితే లోడర్ అవశేషాలు మరికొన్ని చిక్కాయి. విండోస్ తనంతట తాను దాచుకునే పాత నకళ్లు, అంటే షాడో కాపీలు, ఏవీ మిగలలేదు.

ఇంతటితో యంత్రం శుభ్రమైనట్టే కనిపిస్తుంది. అయినా అసలు కంప్యూటరులో నేను ఈ శుద్ధి చేయలేదు; ప్రతిరూపం చేతిలో ఉంది కనుక బీరువాలోని అసలు డిస్కును పూర్తిగా తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించాను. ర్యాన్సమ్‌వేర్ తన ఉనికిని చాటుకునే రకం కనుక దొరుకుతుంది. దానితో పాటు వచ్చిన దొంగ ప్రోగ్రాములు చప్పుడు చేయవు, అన్నీ దొరికాయని చెప్పే పరీక్ష లేదు. తొలగింపు పద్ధతులు నేర్చుకోవడానికి, జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి మంచివే గాని, బ్యాంకు లావాదేవీలు నడిచే యంత్రానికి వాటి మీద భరోసా పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

గురువారం

కీల సంగతి. బాధితుడికి ర్యాన్సమ్‌వేర్ ఇచ్చే గుర్తింపు సంకేతం (ఐడీ) ఉండే పర్సనల్‌ఐడి ఫైలు తెరిస్తే అందులో ఒకటికి బదులు రెండు పంక్తులు ఉన్నాయి, రెండవ పంక్తి టి1 అనే రెండు అక్షరాలతో ముగిసింది. చాలా రోజుల తరువాత ఈ పనిలో సంతోషించదగిన విషయం కనిపించింది.

ఈ కుటుంబం సర్వరును అందుకోగలిగితే బాధితుడికొక కీ తెచ్చుకుంటుంది. అందుకోలేకపోతే తన లోపలే దాచుకున్న ఒకే ఆఫ్‌లైన్ కీతో పని కానిస్తుంది. ఐడీ చివర టి1 ఉంటే అది ఆఫ్‌లైన్ కీ అని గుర్తు. ఒక రకంలోని ఆఫ్‌లైన్ బాధితులందరికీ కీ ఒకటే కనుక, వారిలో ఎవరో ఒకరు డబ్బు కట్టి తెచ్చుకున్న కీని ఎమ్సీసాఫ్ట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థకు అందజేస్తే మిగిలినవారందరికీ అది పనికివస్తుంది. 2019 అక్టోబరులో ఆ సంస్థ విడుదల చేసిన డిక్రిప్టర్ (ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్లను విప్పే ప్రోగ్రాము) 148 పాత రకాలకు మందు. 2019 ఆగస్టు తరువాతి రకాలలో నేరగాళ్లు ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని సరిగ్గా వాడడం మొదలుపెట్టినందున ఆన్‌లైన్ కీలను గణితంతో ఛేదించే దారి మూసుకుపోయింది.

రెండు ఐడీలు ఎలా వచ్చాయో యజమానిని అడిగితే తెలిసింది. ఫైళ్ల పేర్లు మారుతున్నాయని గమనించగానే ఆయన నెట్ కేబులు పీకేశారు. ఆ తరువాత, బ్యాకప్ ఉందో లేదో చూద్దామని ఎక్స్‌టర్నల్ డ్రైవు తగిలించారు. టైమ్ ట్రిగ్గర్ టాస్క్ మళ్లీ లేచింది, సర్వరు దొరకలేదు, ఆఫ్‌లైన్ కీ వాడింది. ఎన్‌క్రిప్ట్ అయిన ప్రతి ఫైలు చివర ఆ ఐడీ రాసి ఉంటుంది కనుక ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో కొన్ని ఫైళ్ల తోకలు తెరిచి సరిచూసుకున్నాను. సి, డి డ్రైవుల ఫైళ్లకు మొదటి ఐడీ. ఎక్స్‌టర్నల్ డ్రైవు ఫైళ్లకు టి1 ఐడీ.

డిక్రిప్టర్‌ను ఎమ్సీసాఫ్ట్ సొంత సైటు నుంచే దించుకున్నాను. 2020 జూన్‌లో జోరాబ్ అనే ర్యాన్సమ్‌వేర్ ఒకటి ఇదే డీజేవీయూకు విరుగుడు అని పేరు పెట్టుకుని వచ్చి, అప్పటికే ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్ల మీద రెండో పొర వేసింది. విరుగుడు వెతికేవారు తొందరలో ఉంటారని వాళ్లకు తెలుసు.

ఈ రకపు ఆఫ్‌లైన్ కీ అప్పటికే సంస్థకు చేరి ఉంది. ఎక్స్‌టర్నల్ డ్రైవులోని ఫైళ్లు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకుంటూ పోయాయి. పోయిన ఏడాది పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ప్రధాన డిస్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆన్‌లైన్ ఐడీ, డిక్రిప్షన్ సాధ్యం కాదు అని తేల్చి చెప్పింది.

శుక్రవారం, శనివారం

ప్రధాన డిస్కులో ఉన్నవి ఈ సీజనులో తీసినవి, ఇంకా ఆల్బములు అందించనివి. కీ లేదు. అయితే ఈ కుటుంబం వేగం కోసం ఒక రాజీ పడింది: ఫైలు ఎంత పెద్దదైనా మొదటి 150 కిలోబైట్లనే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఎక్సెల్ లెక్కల పుస్తకానికి ఆ 150 కిలోబైట్లే సర్వస్వం. 4 గిగాబైట్ల వీడియోకు అది గోరంత.

వీడియోలతో మొదలుపెట్టాను. ఎంపీ4 ఫైలులో అసలు దృశ్య సమాచారం ఒకచోట, ఏ ఫ్రేము ఎక్కడ ఉందో చెప్పే సూచిక మరొకచోట ఉంటాయి. ఆ సూచికను మూవ్ అంటారు. స్టూడియోవారి కెమెరా షూటింగ్ ముగిశాక సూచికను ఫైలు చివర రాస్తుంది. కనుక అది చెక్కుచెదరలేదు. పోయినది ఆరంభపు చిన్న శీర్షిక, మొదటి కొన్ని ఫ్రేములు. డిస్క్‌ట్యూనా వారి మీడియా రిపేర్‌కు అదే కెమెరాతో అవే సెట్టింగులలో కొత్తగా తీసిన ఒక చిన్న వీడియోను నమూనాగా ఇస్తే, దాని ఆరంభాన్ని చూసి ఇక్కడి లోటును పూడ్చింది. కెమెరా నుంచి నేరుగా వచ్చిన వీడియోలు దాదాపుగా అన్నీ ఆడుతున్నాయి. ఎడిట్ చేసి ఎగుమతి చేసినవాటిలో సూచిక ముందుభాగానికి జరిగి ఉండడం వల్ల అవి లొంగలేదు. ముడి వీడియో ఉంది కనుక మళ్లీ ఎడిట్ చేసుకోవచ్చు.

ఫొటోలు ఇంత సులువుగా రాలేదు. జెపెగ్ ఫైలు ఆరంభంలో చిత్రాన్ని విప్పడానికి కావలసిన పట్టికలు ఉంటాయి, అవి పోయాయి. అదే కెమెరాతో అదే నాణ్యతలో తీసిన మరో ఫొటో శీర్షికను అరువు తెచ్చి అతికించాలి. జెపెగ్‌మెడిక్ ఏఆర్‌డబ్ల్యూఈ ఆ పనిని గుంపుగా చేస్తుంది. 6000 అడ్డం, 4000 నిలువు పిక్సెళ్ల ఫొటో 8 మెగాబైట్లు ఉందనుకుంటే, 150 కిలోబైట్లు అందులో నూటికి రెండు వంతులు. అంటే పైనుంచి సుమారు 75 వరుసలు. అడ్డంగా తీసిన ఫొటోలలో పోయినది మండపం పైన పూలదండల దగ్గర ఒక పట్టీ, కత్తిరిస్తే ఎవరికీ తెలియదు. నిలువుగా తీసినవాటిలో ఆ పట్టీ ఒక పక్క అంచున వస్తుంది, ఎందుకంటే కెమెరా చిత్రాన్ని అడ్డంగానే రాసి, తిప్పి చూపమని శీర్షికలో గుర్తు మాత్రమే పెడుతుంది. ఆ గుర్తు కూడా పోయినందున ఫొటోలన్నీ పక్కకు పడుకుని వచ్చాయి. జెపెగ్‌లో ప్రతి చిన్న చదరం రంగు విలువా దాని ముందరి చదరంతో తేడాగా నమోదవుతుంది. ముందరివి పోయినప్పుడు మొదలు ఎక్కడో తెలియక చిత్రమంతా పచ్చగానో నీలంగానో తేలుతుంది. తలంబ్రాల ఫొటో ఒకటి ముదురు ఆకుపచ్చగా వచ్చింది. పెళ్లికూతురి చీర అంచు రంగును ఆధారంగా తీసుకుని సరిదిద్దాక మామూలు స్థితికి వచ్చింది. ఇది ఒక్కొక్క ఫొటోకు కూర్చుని చేయవలసిన పని, ఇంకా సాగుతోంది.

వీటికన్నా మేలైన దారి మెమరీ కార్డుల రూపంలో దొరికింది. కార్డులు కంప్యూటరుకు తగిలించి లేవు, వాటికి ఏమీ కాలేదు. కెమెరాలో ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా చెరిగేది విషయసూచిక మాత్రమే. తరువాత దాని మీద కొత్తగా తీయకపోతే పాత ఫొటోలు అలాగే ఉంటాయి. చెరిగిన ఫైళ్లను వెతికి తీసే ఫొటోరెక్ నడిపితే రెండు కార్డుల నుంచి మొత్తం రెండు పెళ్లిళ్ల ఒరిజినల్ ఫైళ్లు వచ్చాయి. ఆ రెండింటికీ మరమ్మతు అవసరమే లేదు. మరోసారి ఇలాంటి పని వస్తే మొదటి రోజే కార్డులన్నీ పక్కన పెట్టించేస్తాను.

పెద్ద జిప్ ఫైళ్ల విషయసూచిక చివర ఉంటుంది కనుక 7-జిప్‌లో మొదటి ఒకటి రెండు ఫైళ్లు తప్ప మిగిలినవన్నీ తెరుచుకున్నాయి. పొరలతో కూడిన ఆల్బమ్ డిజైన్ ఫైళ్లు పోయినట్టే. పేజ్‌మేకర్‌లో చేసిన శుభలేఖలు, ఎక్సెల్ లెక్కలు పూర్తిగా పోయాయి. ఖాతాదారులకు వాట్సాప్‌లో పంపిన ప్రూఫులు, మెయిలులో పంపిన బిల్లులు ఉన్నంతవరకు అక్కడినుంచి ఏరుకోవాలి.

తరువాతి వారం

కొత్త విండోస్‌లో రోజువారీ ఎడిటింగుకు అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని ఖాతా పెట్టాను. అనుమతి లేని ప్రోగ్రాములు ఫైళ్లను మార్చకుండా అడ్డుకునే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు విడిగా అనుమతి ఇచ్చాను. అలా ఇవ్వకపోతే సేవ్ కావడం లేదని విసుగెత్తి రెండో రోజే దాన్ని ఆపేస్తారు. బ్యాకప్ డ్రైవులు రెండు: ఒకటి కాపీ తీసేటప్పుడు మాత్రమే తగిలించేది, మరొకటి యజమాని ఇంట్లో ఉండేది. క్రాక్ చేసిన ప్లగిన్‌కు బదులు లైసెన్సు కొనమన్నాను. 499 డాలర్ల రాయితీ మాట గుర్తున్నందువల్లనో ఏమో, ఆయన బేరం ఆడలేదు.

జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదైంది. చీటీ, ఐడీలు, లాగుల నకళ్లు జతచేశాం. పాస్‌వర్డులు పోయాయి గనుక బ్యాంకు ఖాతాలో అనుమానాస్పద లావాదేవీ ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయమని చెప్పాను.

ఎన్‌క్రిప్టెడ్ ఫైళ్ల ప్రతిరూపాన్ని చెరపలేదు. ఆన్‌లైన్ కీ నేరగాళ్ల దగ్గరే ఉంది. ముఠాలు పట్టుబడి గాని, తామే మూసుకుని గాని కీలు బయటపడిన సందర్భాలు ఇతర కుటుంబాలలో ఉన్నాయి కాబట్టి ఆ డిస్కును, చీటీని, పర్సనల్‌ఐడి ఫైలును కలిపి భద్రపరిచాం. ఎమ్సీసాఫ్ట్ పేజీని, 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ సైటును అప్పుడప్పుడు చూస్తుంటాను.

ఇంకా మిగిలినవి: నిలువు ఫొటోల రంగు దిద్దుబాటు, మూడు ఆల్బముల పునర్నిర్మాణం, ఇంట్లోని బ్యాకప్ డ్రైవు నుంచి ఒక పెళ్లి మొత్తాన్ని వేరే కంప్యూటరులో తిరిగి తెరిచి చూసే పరీక్ష. చివరిది శుక్రవారానికి పెట్టుకున్నాం, ఎందుకంటే శనివారం ముహూర్తాలు ఉన్నాయి, స్టూడియోలో ఎవరూ దొరకరు.